రీసెట్ కొట్టించే ముందు ఆ గొంతు దాచుకోండి

ప్రశ్న: మాది కడప. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంటాను. 2019లో కొన్న 32 జీబీ ఫోన్ వాడుతున్నా. ఆరు నెలల నుంచి స్టోరేజ్ ఫుల్ అని వస్తోంది. ఫోటో తీద్దామంటే తీయనివ్వదు, వాట్సాప్ ఆగి ఆగి తెరుచుకుంటుంది. ఏడురోడ్ల దగ్గర ఒక షాపులో చూపిస్తే, ‘రీసెట్ కొడితే కొత్త ఫోన్ మాదిరి అయితాది, మూడు వందలు ఇయ్యండి’ అన్నారు. మా ఆయన కువైట్‌లో డ్రైవర్‌గా చేసేవారు. మూడేళ్ల కింద అక్కడే పోయారు. ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ ఈ ఫోన్‌లోనే ఉన్నాయి. రీసెట్ చేస్తే అవి పోతాయా అని అడిగితే, ‘బ్యాకప్ ఉంటాది లేమ్మా’ అన్నాడు షాపు అబ్బాయి. ఉందో లేదో నాకు తెలియదు. మా వాడు చదువుకునేటప్పుడు కొన్న కంప్యూటర్ ఒకటి ఉంది గానీ, ఆన్ చేసినప్పుడల్లా 2009వ సంవత్సరం చూపిస్తుంది, ఇంటర్నెట్ తెరుచుకోదు. మా ఆయన ఫోన్ కూడా సామాన్లతో పాటు వచ్చింది, పెట్టెలో పెట్టాను. మా వాడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, కొత్త ఫోన్ కొనిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం:

అక్కా,

వయసులో మీరు నాకంటే పెద్దవారో చిన్నవారో తెలియదు. కర్నూలు అలవాటు కొద్దీ అక్కా అంటున్నాను, ఏమీ అనుకోవద్దు.

రీసెట్ చేయించకండి. ఇప్పుడైతే అసలు వద్దు. కింద చెప్పిన పనులన్నీ అయ్యాక, అప్పటికీ ఫోన్ సతాయిస్తుంటే అప్పుడు ఆలోచిద్దాం. నాకు తెలిసి ఆ అవసరం రాదు.

మీ ఫోన్‌కి జబ్బేమీ లేదు. నిండిపోయింది, అంతే. రీసెట్ అంటే ఫోన్‌ని డబ్బాలోంచి తీసిన రోజుకు తీసుకుపోవడం. ఫోటోలు, మెసేజ్‌లు, ఫోన్‌లోనే దాచిన నంబర్లు, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఎలుకలు పడ్డాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అన్నమాట. పైగా ఎలుకలు మళ్లీ వస్తాయి. 32 జీబీలో కొంత ఫోన్ తన సొంత పనులకే ఉంచుకుంటుంది. మీకు వచ్చే వీడియోలు అలాగే వస్తుంటే ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ ఫుల్ అనే అంటుంది. మళ్లీ మూడు వందలు.

ఆ షాపు అబ్బాయిని తిట్టాలని కాదు. కర్నూలు పాతబస్తీలో నేను కంప్యూటర్ రిపేరు షాపు పెట్టుకున్న కొత్తలో నేనూ అంతే. విండోస్ ఎక్స్‌పీ రోజులవి. ఎవరొచ్చి ‘స్లో అయింది’ అన్నా ఫార్మాటే మందు, అంటే డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచేయడమే. ఒకరోజు ఒక లెక్చరర్ గారు సీపీయూ తెచ్చారు. సాయంత్రానికి సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి, విండోస్ మళ్లీ ఎక్కించి ఇచ్చేశాను. ముఖ్యమైనవి ఎక్కడ పెట్టుకున్నారని అడగలేదు. జనం అన్నీ డీ డ్రైవ్‌లో పెట్టుకుంటారనుకున్నా. ఆయన డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నారు. తెర మీద కనిపిస్తోంది కదా, భద్రంగానే ఉందనుకున్నారు. డెస్క్‌టాప్ మీద పెట్టిందేదైనా ఉండేది సీ డ్రైవ్‌లోనే. మరుసటి రోజు వచ్చి, గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. ‘నాలుగేళ్ల నోట్సు నాయనా’ అన్నారు. రెండు రాత్రులు కూర్చుని రికవరీ చేస్తే సగం వచ్చింది. వచ్చినవాటికి పేర్లు లేవు, కొన్ని తెరిస్తే పిచ్చి అక్షరాలు. డబ్బు తీసుకోలేదు గానీ, దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు. అప్పటినుంచి ఏ మిషన్ ముట్టుకున్నా ముందు అడిగేది ఒకటే: దీనిలో పోతే తిరిగి రానిది ఏముంది?

మీరు ఆ ప్రశ్న మీకు మీరే వేసుకుని షాపు నుంచి లేచి వచ్చారు. మంచి పని చేశారు.

ఇప్పుడు ‘బ్యాకప్ ఉంటాది’ అన్న మాట సంగతి. ఉందో లేదో మీరే చూడొచ్చు, నిమిషం పని. వాట్సాప్‌లో పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో చాట్స్, అందులో చాట్ బ్యాకప్. చివరిసారి బ్యాకప్ ఏ తేదీన అయిందో, ఏ గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లిందో అక్కడ ఉంటుంది. తేదీ నిన్నటిదో మొన్నటిదో అయితే సగం ధైర్యం. ఏడాది కిందటిదైతే ఆ తర్వాత వచ్చినవేవీ అందులో లేనట్టే. అక్కడ ఏ అకౌంటూ కనిపించకపోతే గూగుల్‌లో మీది ఒక్క ముక్క కూడా లేదు. 2023 చివరి దాకా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్‌ని గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో లెక్కపెట్టేవారు కాదు. తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆ 15 జీబీలోనే మీ మెయిల్స్, ఫోటోలు కూడా ఉంటాయి. అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. ఫోన్‌లో చోటు లేకపోయినా బ్యాకప్ తయారు కాదు. మీ ఫోన్ ఆరు నెలలుగా ఫుల్ అంటోందంటే, మీ బ్యాకప్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

సగం ధైర్యమే అని ఎందుకన్నానంటే, బ్యాకప్ తిరిగి రావాలంటే అదే ఫోన్ నంబరు, అదే గూగుల్ అకౌంట్ రెండూ ఉండాలి. మీ జీమెయిల్ ఐడీ ఏమిటో మీకు తెలుసా? చాలామందికి తెలియదు. ఫోన్ కొన్నరోజు షాపు వాళ్లే అప్పటికప్పుడు ఏదో ఒక పేరుతో జీమెయిల్ తెరిచి ఇచ్చి ఉంటారు. పాస్‌వర్డ్ వాళ్లకూ గుర్తుండదు. ప్లే స్టోర్ తెరిచి పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కితే ఐడీ కనిపిస్తుంది. మీ జాకెట్ల కొలతల పుస్తకంలో చివరి పేజీలో రాసి పెట్టుకోండి. పాస్‌వర్డ్ గుర్తులేకపోతే ఫోన్ మీ చేతిలో తెరిచి ఉన్నప్పుడే మార్చుకోవాలి, సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లి. రీసెట్ అయ్యాక చాలా ఫోన్లు ‘ఇంతకుముందు ఇందులో ఉన్న గూగుల్ అకౌంట్ చెప్పు’ అని అడుగుతాయి. దొంగలకు పనికిరాకుండా పెట్టిన తాళం అది. ఐడీ తెలియక సొంత ఫోనే తెరవలేక కూర్చున్నవాళ్లను నేను బోలెడుమందిని చూశాను.

అందుకని, ఆయన మాటలను బ్యాకప్ మీద వదిలేయవద్దు. ఫైళ్లనే చేత్తో తీసి పెట్టుకుందాం.

ఈరోజు చేయగలిగింది ఒకటుంది. ఆయన చాట్ తెరిచి, మీకు మరీ కావలసిన నాలుగైదు వాయిస్ మెసేజ్‌లను ఒక్కొక్కటి నొక్కి పట్టుకుని మీ అబ్బాయికి ఫార్వర్డ్ చేయండి. ఇంకో ఊళ్లో ఇంకో ఫోన్‌లోకి చేరినట్టే. నక్షత్రం గుర్తు పెట్టుకుంటే చాలనుకుంటారు కొందరు. అది గబుక్కున దొరకడానికే గానీ, దానివల్ల ఇంకో కాపీ తయారవదు.

మిగతావన్నీ ఒకేసారి తీయాలంటే ఫోన్‌లో ఫైల్స్ అనో మై ఫైల్స్ అనో ఉండే యాప్ తెరవండి. ఇంటర్నల్ స్టోరేజ్, అందులో ఆండ్రాయిడ్, మీడియా, కామ్ డాట్ వాట్సాప్, వాట్సాప్, మళ్లీ మీడియా, అందులో వాట్సాప్ వాయిస్ నోట్స్. ఉల్లిపాయ పొరల్లా ఉంటుంది, విసుక్కోకండి. కొన్ని పాత ఫోన్లలో వాట్సాప్ ఫోల్డర్ ఇంటర్నల్ స్టోరేజ్ తెరవగానే కనిపిస్తుంది. వాయిస్ నోట్స్ లోపల పేర్లు లేకుండా అంకెల ఫోల్డర్లు ఉంటాయి, 202018 లాగా. ఇది చాలామందికి అర్థంకాక, ఏవో చెత్త ఫైళ్లనుకుని తుడిచేస్తారు. మొదటి నాలుగంకెలు సంవత్సరం, చివరి రెండూ ఆ ఏడాదిలో ఎన్నో వారమో చెబుతాయి. 202018 అంటే 2020లో పద్దెనిమిదో వారం, ఏప్రిల్ చివర, మే మొదట్లో. లోపలి ఫైల్ పేరులో తేదీ కూడా ఉంటుంది. అది ఎవరి గొంతో మాత్రం పేరులో ఉండదు. ఆయన మాటల పక్కనే ‘అక్కా, నా జాకెట్ అయిందా’ అన్న గొంతులూ ఉంటాయి. ఏరుకుంటూ కూర్చోకండి, వాయిస్ నోట్స్ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేయండి. మాట్లాడిన మాటకు చోటు చాలా తక్కువ పడుతుంది, నిమిషానికి అర ఎంబీ కూడా అవదు. మీ ఫోన్ నింపింది అవి కాదు.

2019కి ముందు ఆయన పంపినవి అంతకుముందు ఫోన్‌లో ఉండి ఉంటాయి. ఆ ఫోన్ ఎక్కడైనా మూలన పడి ఉంటే పారేయకండి.

ఇక ఎక్కడికి కాపీ చేయాలి అంటే, మీ అబ్బాయి కంప్యూటర్‌లోకే. అది పాడైందనుకుంటున్నారు గానీ, దాని జబ్బు మీ ఫోన్ జబ్బు కంటే చిన్నది. సీపీయూ లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది, సీఆర్ 2032 అంటారు. కరెంటు తీసేసినా తేదీ, టైము గుర్తుపెట్టుకోవడానికి అది. ఏళ్ల తరబడి వాడాక అయిపోతుంది. అప్పుడు ప్లగ్గు తీసిన ప్రతిసారీ కంప్యూటర్ తన పుట్టిన ఏడాదికి వెళ్లిపోతుంది, మీది 2009కి వెళ్తున్నట్టు. ఇంటర్నెట్ తెరుచుకోకపోవడానికీ అదే కారణం అయివుంటుంది. ప్రతి వెబ్‌సైట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని ఒక సర్టిఫికెట్ ఉంటుంది. కంప్యూటర్ తాను 2009లో ఉన్నాననుకుంటే, ఇంకా పుట్టని సర్టిఫికెట్‌ని ఎలా నమ్ముతుంది? అందుకే ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అని అడ్డం పడుతుంది. ఆ బిళ్ల బ్యాటరీ యాభై రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది, గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. ఎవరైనా ‘మదర్‌బోర్డు పోయింది’ అంటే, ముందు ఈ బ్యాటరీ మార్చి చూడమనండి. నా షాపు రోజుల్లో నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చిన రిపేరు ఇదే. అయిదు నిమిషాల పని, మనుషులు నన్ను డాక్టర్‌ని చూసినట్టు చూసేవారు.

అయినా ఫైళ్లు ఎక్కించుకోవడానికి ఇంటర్నెట్‌తో పని లేదు, తేదీ తప్పుగా ఉన్నా పర్వాలేదు. అంత పాత కంప్యూటర్‌లో బ్యాంకు పనులు మాత్రం చేయకండి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే మద్దతు ఆపేసింది, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో ఆపింది.

ఛార్జర్ కేబుల్‌తో ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించండి. ఛార్జింగ్ మాత్రం ఎక్కుతూ ఫోన్ లోపలివేవీ కనిపించకపోతే రెండు కారణాలు. ఫోన్ లాక్ తీసి, పై నుంచి కిందికి లాగితే యూఎస్‌బీ అని ఒక గీత కనిపిస్తుంది, దాన్ని నొక్కి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవాలి. అలా చేసినా రాకపోతే కేబుల్ మార్చండి. చౌక కేబుళ్లలో కొన్నిటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, ఫైళ్లు పంపే తీగలు ఉండవు. వాయిస్ నోట్స్ ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి కాపీ కొట్టండి. కట్ వద్దు. మధ్యలో కరెంటు పోయిందనుకోండి, కట్ చేసినవి అటూ ఇటూ కాకుండా పోవచ్చు. కాపీ అయ్యాక రెండు వైపులా ఎన్ని ఫైళ్లు ఉన్నాయో లెక్క చూసుకోండి. తర్వాత నాలుగు వేరు వేరు ఫోల్డర్లలోంచి ఒక్కొక్కటి వినండి. అవి ఓపస్ అనే రకం ఫైళ్లు, పాత కంప్యూటర్‌లో మామూలుగా పాడకపోవచ్చు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ ఉంటే పాడుతుంది.

అదే ఫోల్డర్‌ని ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి, ఆ పెన్‌డ్రైవ్ మీ అబ్బాయికి ఇచ్చి పంపండి. మీ ఇంట్లో కంప్యూటర్ పక్కనే సొరుగులో పెట్టుకుంటే లాభం లేదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు, నీళ్లు తీశాక నా దగ్గరికి వచ్చిన వాళ్లలో ఒక ఫోటోస్టూడియో ఆయన ఉన్నాడు. పెళ్లిళ్ల ఫోటోలన్నీ హార్డ్ డిస్క్‌లో ఉండేవి. జాగ్రత్తగల మనిషి, ప్రతి పెళ్లినీ సీడీలో కూడా రాసి పెట్టుకున్నాడు. ఆ సీడీలు, ఆ కంప్యూటర్ ఒకే బల్ల కింద ఉన్నాయి. బురద పట్టిన సీడీల సంచి నా ముందు పెట్టి ‘కడిగితే వస్తాయా?’ అని అడిగాడు. కొన్ని వచ్చాయి.

ఇంతవరకు అయ్యాక, అంటే రెండుచోట్ల కాపీ అయి, మీ చెవులతో మీరు విన్నాక, అప్పుడు ఫోన్ ఖాళీ చేయడం మొదలుపెట్టండి. అది తేలిక. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. 5 ఎంబీ కంటే పెద్దవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా చూపిస్తుంది. వంటల వీడియోలు, శుభోదయాలు, ఎవరో పంపిన ఎన్నికల ప్రసంగాలు, అన్నీ అక్కడ దొరుకుతాయి. చూసి, ఎంచుకుని తుడిచేయండి. ఆ పేజీలోనే కింద మనుషుల పేర్ల జాబితా ఉంటుంది. అందులో మీ ఆయన పేరు జోలికి పోవద్దు. తర్వాత అదే స్టోరేజ్ అండ్ డేటా పేజీలో ఆటో డౌన్‌లోడ్ దగ్గర వీడియోల గుర్తు తీసేయండి, వైఫైకి, మొబైల్ డేటాకి రెండిటికీ. ఇకమీద మీరు నొక్కితేనే వీడియో దిగుతుంది. వాయిస్ మెసేజ్‌లు ఎప్పటిలా వాటంతటవే దిగుతాయి.

ఒక్కచోట మాత్రం చాలా జాగ్రత్త. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి వాట్సాప్ నొక్కితే, అక్కడ క్లియర్ క్యాష్, క్లియర్ డేటా అని రెండు పక్కపక్కనే ఉంటాయి. కొన్ని ఫోన్లలో రెండోదాన్ని క్లియర్ స్టోరేజ్ అంటారు. క్యాష్ తీస్తే ఏమీ కాదు, అది ఫోన్ తన వేగం కోసం తాత్కాలికంగా పెట్టుకున్న సామాను. డేటా నొక్కితే చాట్‌లన్నీ పోతాయి. ఈ రెండిటినీ అంత దగ్గరగా ఎవరు పెట్టారో గానీ, వాళ్లింట్లో ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా ఎలా పెట్టుకుంటారో చూడాలని నాకు ఎన్నాళ్లనుంచో కోరిక. వాట్సాప్ సరిగా తెరుచుకోవడం లేదని తీసేసి మళ్లీ వేయడం కూడా వద్దు.

క్లీనర్ యాప్‌లు వేస్తామంటే వద్దనండి, అవి వేసేవి ప్రకటనలే. ఇంకొకటి, మీకు పెళ్లిళ్ల ఇళ్లతో పని ఎక్కువ కాబట్టి చెబుతున్నా. పెళ్లి పత్రిక పేరుతో ఏపీకే అన్న ఫైల్ వాట్సాప్‌లో వస్తే, తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా నొక్కకండి. పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే యాప్, అది ఫోన్‌లో కూర్చుని ఓటీపీలు చదువుతుంది. పొరపాటున నొక్కి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మీ అబ్బాయి కొత్త ఫోన్ కొనిస్తానంటే సంతోషంగా తీసుకోండి. పాతది ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకండి, అంతే. అయిదారు వందల తగ్గింపు కోసం ఇచ్చేస్తారు జనం. కొత్తది వచ్చాక, వాట్సాప్ సెట్టింగ్స్, చాట్స్‌లో ట్రాన్స్‌ఫర్ చాట్స్ అని ఉంటుంది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, ఒకదానిలో వచ్చిన క్యూఆర్ గుర్తును ఇంకొకదానితో స్కాన్ చేస్తే చాట్‌లు, వాయిస్‌లు అన్నీ అటు వెళ్తాయి. గూగుల్ బ్యాకప్ అవసరం లేదు. రెండూ ఆండ్రాయిడ్ ఫోన్లయి, మీ నంబరు అదే ఉంటే చాలు.

మీరు అడగలేదు గానీ ముందే చెప్పి ఉంచడం మంచిది. 120 రోజులు వాడకపోతే వాట్సాప్ మామూలుగా ఆ అకౌంట్‌ని తీసేస్తుంది. ఆయన కువైట్ నంబరు ఈపాటికి ఇంకెవరికో ఇచ్చి ఉండొచ్చు. ఏదో ఒకరోజు ఆయన పేరు పక్కన ఎవరో తెలియని మనిషి ఫోటో కనిపిస్తే గుండె జారిపోకూడదు. మీ చాట్ మీ ఫోన్‌లోనే ఉంటుంది, ఆ కొత్త మనిషికి ఏమీ కనిపించదు. పొరపాటున ఆ నంబరుకు ఏదీ పంపకుండా ఉంటే చాలు.

చివరికి పెట్టెలో ఉన్న ఆయన ఫోన్. దాన్ని ఇప్పుడే ఛార్జింగ్‌లో పెట్టకండి. ముందు బల్ల మీద బోర్లా పెట్టి చూడండి. వెనక మూత కొద్దిగా పైకి లేచినా, తెర అంచు విడిపోయినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. మూడేళ్లుగా వాడకుండా, మన కడప ఎండాకాలాల్లో పెట్టెలో ఉంది కాబట్టి ఆ అవకాశం ఉంది. ఉబ్బితే నొక్కకూడదు, గుచ్చకూడదు. షాపులో మీరు ఎదురుగా కూర్చుని బ్యాటరీ మాత్రమే మార్పించండి. బ్యాటరీ మార్చినందువల్ల లోపల ఉన్నవేవీ పోవు. మీరు ఆయనకు పంపిన మాటలు, ఆయన అక్కడ తీసుకున్న ఫోటోలు అందులో ఉంటాయి.

అది ఆన్ అయ్యాక లాక్ అడుగుతుంది. అంచనా మీద గీతలు గీస్తూ కూర్చోవద్దు, తప్పులు ఎక్కువైతే ఫోన్ గంటల తరబడి బిగుసుకుపోతుంది. షాపులో ‘అన్‌లాక్ చేసిస్తాం’ అంటే, చాలాసార్లు వాళ్లు చేసేది రీసెట్టే. దాన్ని షాపుకు తీసుకుపోయే ముందు మీ అబ్బాయికి ఒకసారి ఫోన్ చేయండి. నాన్న సెలవుకు వచ్చినప్పుడు ఆ ఫోన్ తీసుకుని ఆడుకునే ఉంటాడు, గీత ఎలా గీసేవాడో గుర్తుందేమో కనుక్కోండి.